దీపం దగ్గరి చుట్టాలు

పోయిన శ్రావణమాసంలో ఒక రాత్రి మా పక్కింటి పెద్దాయన పిట్టగోడ మీదుగా తొంగిచూసి, "ఏం మాస్టారూ, సినిమా ఏమన్నా వేస్తున్నారా?" అని అడిగారు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు లెండి. డాబామీద రెండు వెదురు కర్రలకు నా పాత పంచె కట్టి, దాని ముందు దీపం వేలాడదీసి, నేనూ మా అమ్మాయీ చాపమీద కూచుని వున్నాం.

"సినిమా కాదండీ, చుట్టాలు వస్తారని చూస్తున్నాం" అన్నాను.

ఆయన ఓ నిమిషం నన్ను ఎగాదిగా చూసి, "అలాగా" అని లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు వాళ్లావిడ మా ఆవిణ్ణి, "మాస్టారి ఒంట్లో కులాసాగా వుంటోందా?" అని పరామర్శించిందట.

చెప్పొచ్చేదేమంటే, ఆ చుట్టాలు రెక్కల పురుగులు. నేను నందిగామలో తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని. పురుగులకూ నాకూ వుండవలసిన సంబంధం పద్యాల్లో దీపం మీద పడి మాడిపోయే శలభం వరకే. కాని ఈ పిచ్చి నాకు ఊరికే పట్టలేదు. దానికి మా అన్నయ్య మొక్కజొన్న చేను ఖరీదు కట్టింది.

మాది జగ్గయ్యపేట దగ్గర పాలేటి వారనున్న పల్లె. 2018 డిసెంబరులో ఒక పొద్దున అన్నయ్య ఫోను చేశాడు. "ఒరే తమ్ముడూ, జొన్నచేను మొవ్వుల్లో పురుగు పడిందిరా. ఎప్పుడూ చూసిన పురుగులా లేదు. బొమ్మ పంపిస్తున్నా, చూసి చెప్పు" అన్నాడు. నేను చూశాను. బూడిదరంగు గొంగళి, ఒంటిమీద నల్లమచ్చలు. ఇంట్లో పాత వ్యవసాయ పుస్తకం ఒకటి వుంటే తిరగేసి, "ఇది పొగాకు లద్దె పురుగే అన్నయ్యా, సందేహం లేదు" అని తేల్చి చెప్పాను. ఎమ్మే చదివిన తమ్ముడు చెప్పిన మాట గదా! అన్నయ్య లోగడ మిరపతోటలో ఆ పురుగుకు కొట్టిన మందే తెచ్చి పిచికారి చేయించాడు. వారానికి చేను ఇంకా చిల్లులు పడింది. మళ్లీ ఇంకో మందు తెచ్చి కొట్టాడు. మందంతా ఆకులమీద పడుతోంది. పురుగు మొవ్వు లోపల, రంపపు పొట్టులాంటి తన లద్దె కింద, చల్లగా కూచుని వుంది.

అప్పటికి నాకు బెరుకు పుట్టి మా కళాశాలలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి అడిగాను. ఆయన నవ్వి, "మాస్టారూ, మీ క్లాసులో ఎవరైనా పద్యంలో రెండు మాటలు విని కవి పేరు చెప్పేస్తే ఒప్పుకుంటారా? పురుగును తెండి" అన్నాడు.

తెచ్చాను. భూతద్దం కింద పెట్టి చూపించాడు. తలమీద ఇంగ్లీషు 'వై' అక్షరాన్ని తలకిందులు చేసి రాసినట్టు లేత గీత. తోక దగ్గర, చివరినుంచి రెండో కణుపుమీద, నాలుగు నల్లచుక్కలు చతురస్రం ముగ్గులా. పొగాకు లద్దె పురుగుకు ఇలా నాలుగు చుక్కలు చతురస్రంగా వుండవు. నేను బొమ్మలో నల్లమచ్చలు వున్నాయని చూశానే తప్ప ఎక్కడ వున్నాయో, ఎన్ని వున్నాయో చూడలేదు.

దీని పేరు అప్పటికే మన రైతుల నోట పడుతోంది: కత్తెర పురుగు. శాస్త్రంలో స్పోడాప్టెరా ఫ్రుజిపెర్డా. పొగాకు లద్దె పురుగు స్పోడాప్టెరా లిటురా. ఇంటిపేరు ఒకటే, దాయాదులు, బుద్ధులు వేరు.

"అయినా పక్కాగా చెప్పాలంటే తల్లి పురుగు కావాలి, పెంచి చూడండి" అన్నాడు మిత్రుడు. ఆ పని మా అమ్మాయి నెత్తిన వేసుకుంది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. ఒక గాజుసీసాలో అడుగున మట్టి పోసి, లేత జొన్నాకులు వేసి, అయిదు పురుగులను వదిలింది. మూడోనాటికి రెండే మిగిలాయి. "నాన్నా, మిగతావి పారిపోయాయి" అని ఏడుపు మొహం పెట్టింది. పారిపోలేదు, ఒకదాన్నొకటి తినేశాయి. ఈ జాతికి పెరిగేకొద్దీ ఆ అలవాటు వుంది. అందుకే మొవ్వుకు ఒకటీ రెండూ మించి పెద్ద పురుగులు కనబడవు. మిగిలిన రెంటినీ వేరుచేశాం. అవి మట్టిలో దూరి నిద్రావస్థలోకి వెళ్లాయి. పన్నెండో రోజు పొద్దున సీసా గోడకు ఒక రెక్కల పురుగు అంటుకుని వుంది. మగది. ముందు రెక్కమీద కోలగా లేతరంగు మచ్చ, రెక్కకొనన తెల్లని మరక.

దాని పొట్టకొన తీసి కాస్టిక్ పొటాష్‌లో నానబెట్టి, మెత్తబడ్డాక సూక్ష్మదర్శిని కింద పెట్టాడు మా మిత్రుడు. పైకి ఒక్కలా కనిపించే రెక్కల పురుగులలో జాతిని తేల్చవలసి వస్తే చూసేది జననావయవాలనే. వాటి కొక్కేలూ పలకలూ జాతి జాతికీ వేరుగా, తాళానికి తాళంచెవిలా వుంటాయి. అప్పుడుగాని ఆయన 'ఇదే' అనలేదు. నేను ఫోనులో బొమ్మ చూసి అరనిమిషంలో అనేశాను!

సంగతి తెలిశాక చేయవలసినవి చేశాం. ఆకులమీద బూజులాంటి నూగు కప్పుకున్న గుడ్ల గుంపులను ఏరి నలిపేశాం. తవుడూ బెల్లమూ కలిపి ఒకరోజు పులియబెట్టి, మందు కలిపి, ఆ ఎరను మొవ్వుల్లో వేయించాడు అన్నయ్య. కొంత నిలిచింది. కాని రెండు పిచికారీలూ, మూడు వారాలూ పోయాయి. ఆ ఏడు రావలసిన పంటలో మూడోవంతు రాలేదు. పెద్దమ్మాయి ఇంజనీరింగు ఫీజు గడువు వచ్చేసరికి వదిన గాజులు బ్యాంకుకు వెళ్లాయి. జగ్గయ్యపేట దగ్గరే గరికపాడులో వ్యవసాయ పరిశోధనా స్థానం వుంది, కృషి విజ్ఞాన కేంద్రం వుంది. పురుగు కనబడిన రోజునే అక్కడికి పట్టుకెళ్లమని చెబితే సరిపోయేది. అన్నయ్య నన్ను ఒక్కమాట అనలేదు. అనివుంటే బాగుండేది.

ఆ సంక్రాంతి సెలవులనుంచే నేను ఈ పురుగుల చదువు మొదలుపెట్టాను. మొదట ఈ కత్తెర పురుగు మన పొలానికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలనిపించింది.

దీని సొంతవూరు అమెరికా ఖండాలు. జార్జియా ప్రాంతంలో జాన్ ఆబట్ అనే ఆయన గీసిన బొమ్మలను ఆధారం చేసుకుని, జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ 1797లో దీనికి శాస్త్రీయ నామకరణం చేశాడు. ఫ్రుజిపెర్డా అంటే లాటిన్‌లో పంటచేటు అని చెప్పుకోవచ్చు. పేరు పెట్టినాడే దాని జాతకం రాసేశాడన్నమాట. రెండు శతాబ్దాలకు పైగా సముద్రం దాటిరాని ఈ పురుగు 2016లో పశ్చిమ ఆఫ్రికాలో కనబడింది. 2018 మే నెలలో కర్ణాటకలో శివమొగ్గ శాస్త్రజ్ఞులు మొక్కజొన్న చేలలో దీన్ని గుర్తించారు. మనదేశంలో అదే తొలి నమోదు. బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ శాస్త్రజ్ఞులు జన్యు పరీక్ష చేసి కూడా ఖాయపరిచారు. ఆ ఏడాది తిరగకముందే తెలంగాణకూ మనకూ వచ్చేసింది. 2019లో చైనా, 2020లో ఆస్ట్రేలియా. గాలి వాలు కలిస్తే తల్లి పురుగు ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు ఎగరగలదు. అలాంటి దానికి మునేరూ పాలేరూ ఏం అడ్డం?

'కొత్తగా నమోదైన జాతి' అనే మాట పేపర్లలో చూస్తుంటాం. దీనికి రెండర్థాలున్నాయి; రెంటినీ కలపకూడదు. లోకంలో ఎవరూ పేరు పెట్టని జీవి దొరికితే అది కొత్త జాతి. ఎక్కడో ఎప్పుడో పేరు పెట్టిన జీవి మన ప్రాంతంలో మొదటిసారి కనబడితే అది కొత్త నమోదు. అందులోనూ మళ్లీ రెండు రకాలు: నిజంగా కొత్తగా వచ్చినవి, ఎప్పటినుంచో ఇక్కడే వున్నా ఎవరూ చూసి రాసిపెట్టనివి. మా డాబామీద వాలేవాటిలో రెండో రకానివి ఎన్ని వున్నాయో! ప్రపంచంలో సీతాకోకచిలుకలు సుమారు పద్ధెనిమిది వేల జాతులైతే, ఈ రాత్రి పురుగులు లక్షా అరవై వేల దాకా లెక్కకెక్కాయి. మన దేశంలోనే పదివేల పైచిలుకు.

ఇంత పెద్ద కుటుంబానికి మన భాషలో పేరేమిటని వెతికాను. అది నా వృత్తి గదా. అమరకోశం పతంగాన్నీ శలభాన్నీ ఒకే గాట కట్టింది. పతంగమంటే పక్షీ అవుతుంది, సూర్యుడూ అవుతాడు. శలభమంటే మిడత కూడా. చిమ్మట అంటే ఒకచోట బట్టలు కొరికేది, ఇంకోచోట చెవులు చిల్లులు పడేలా అరిచేది. కవులకు మంటలో పడే పురుగైతే చాలు, అది ఏ పురుగైనా ఒకటే. రైతుకు అలా కుదరదు. అందుకని వాడు చక్కగా పేర్లు పెట్టుకున్నాడు: శనగపచ్చ పురుగు, గులాబిరంగు పురుగు, కాండం తొలుచు పురుగు, ఆముదం మీది దాసరి పురుగు. చూడండి, ఒక్క పేరులోనూ రెక్క లేదు! అన్నీ పిల్లపురుగు రంగునుబట్టో, తిండినిబట్టో, నడకనుబట్టో వచ్చినవే. శాస్త్రజ్ఞుడేమో చాలావరకు తల్లి పురుగు రెక్కనూ ఈనెలనూ చూసి పేరు పెట్టాడు. ఒకే జీవిని రైతు బాల్యంలో ఎరుగును, శాస్త్రజ్ఞుడు యౌవనంలో ఎరుగును. ఇద్దరి ఎరుకా కలవాలంటే మా అమ్మాయిలా సీసాలో పెట్టి పెంచడమే దారి.

వర్గీకరణ అనగానే మా బి.ఏ. విద్యార్థులు ఛందస్సు అన్నట్టే భయపడతారు. రెండూ ఒకలాంటి పనులే. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విరిస్తే చంపకమాల అవుతుంది. తక్కిన నడక అంతా ఒకటే. మొదటి అక్షరం సరిగా వినకపోతే ఎంతటివాడైనా పొరబడతాడు. నేను నాలుగు చుక్కల దగ్గర పొరబడ్డది అలాగే. చెవి బాగుంటే చాలని కొందరనుకుంటారు; గణవిభజన చేసి చూస్తేగాని ఒప్పుకోనివాడే పండితుడు.

ఇక ప్రతి జాతికీ ఒక మూల నమూనా వుంటుంది. పేరు పెట్టినప్పుడు ఏ పురుగును ఎదట పెట్టుకుని వర్ణించారో దాన్నే ఏదో ఒక మ్యూజియంలో భద్రపరుస్తారు. తరవాత ఎవరికి అనుమానం వచ్చినా దానితో పోల్చుకోవలసిందే. పూర్వం వీధిబడిలో పంతులుగారు పైన ఒక వరస రాసిస్తే పిల్లలు దాని కింద దిద్దేవారు. ఆ పై వరసను ఒజ్జబంతి అనేవారు. ఈ మూల నమూనాకు తెలుగులో అంతకన్న మంచి మాట నాకు దొరకలేదు.

పేర్లు మారడం కూడా కద్దు. కత్తెర పురుగు మొదట ఫలీనా, తరవాత లాఫిగ్మా, ఇప్పుడు స్పోడాప్టెరా. శనగపచ్చ పురుగును మన రైతులు ఈనాటికీ హీలియోథిస్ అనే అంటారు; 1965లో హార్డ్‌విక్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని హెలికోవెర్పా అనే కొత్త ప్రజాతిలోకి మార్చాడు. ఇందులో చికాకు పడవలసింది లేదు. మా జగ్గయ్యపేట ఒకప్పుడు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి పేరు పెట్టాక జగ్గయ్యపేట అయింది. 2022 ఏప్రిల్‌లో నందిగామా జగ్గయ్యపేటా కృష్ణాజిల్లాలోంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. ఊరు కదలలేదు, చిరునామా మారింది. అందుకే పురుగు పక్కన పెట్టే చీటీమీద ఊరూ, తేదీ, ఏ చెట్టుమీద దొరికిందీ, ఎవరు పట్టిందీ విధిగా రాయాలి. తాళపత్ర గ్రంథం చివర గద్య ఊడిపోతే అది ఎవరిదో, ఎప్పటిదో తెలియక ఎంత అవస్థ పడతామో, చీటీ లేని పురుగుతో కూడా అంతే అవస్థ.

ఈ పని భాష చెప్పేవాడికి తగదనుకునేవారికి ఒక్క సంగతి మనవి చేస్తాను. ఎడ్వర్డ్ మేరిక్ అనే ఇంగ్లీషాయన స్కూల్లో గ్రీకు, లాటిన్ పాఠాలు చెప్పుకునే మాస్టారు. తీరికవేళల్లో చిన్నచిన్న రెక్కల పురుగులను పరీక్షించి పద్నాలుగు వేలకు పైగా జాతులకు పేర్లు పెట్టాడు. 1917లో ఆయన పేరు పెట్టిన దక్షిణ అమెరికా పురుగు ఒకటి, టూటా అబ్సల్యూటా, 2014లో మహారాష్ట్రలో టమాటా తోటల్లో తేలింది. మన పత్తికాయల్లో వుండే గులాబిరంగు పురుగుకు అది బంధువు; ఒకే కుటుంబం. మన దేశపు రెక్కల పురుగులమీద 1892 నుంచి 1896 దాకా నాలుగు సంపుటాలు రాసిన హాంప్సన్ నీలగిరుల్లో తేయాకు తోటలు వేసుకున్నవాడు. అంతకు ముందే, లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ అనే వైద్యుడు మన కోస్తాలో చెట్లూ పురుగులూ ఏరుకుంటూ తిరిగి 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన పంపిన పురుగులను ఫాబ్రిషియస్ వర్ణించాడు. మన ఊళ్ల జీవులకు పరాయివాళ్లు జాతకాలు రాస్తే, మనం దీపం ఆర్పి పడుకున్నాం.

మా ఆవిడ మొదట్లో, "పురుగుల్ని ఇంటికి పిలుస్తారా ఎవరైనా?" అని విసుక్కునేది. "నీ పెళ్లి పట్టుచీర వీళ్ల జాతి పెట్టిందే" అన్నాను. ఒక పట్టుకాయలో కిలోమీటరు దాకా వుండే పోగును నేసేది రెక్కల పురుగు బిడ్డే గదా. బొప్పాయి పువ్వులమీద సందెవేళ ముసిరి పుప్పొడి మార్చేవి కూడా ఇవే. పంటకు పగవాళ్లు వీటిలో చాలా కొద్దిమంది. ఆ కొద్దిమందిని సరిగ్గా పేరు పెట్టి పిలవగలిగితే, తక్కినవాళ్లమీద విషం చల్లే పని తప్పుతుంది.

మీ పిల్లలు సరదాపడితే మీరూ చేసి చూడండి. పెద్ద ఖర్చు లేదు. వానాకాలంలో అమావాస్యకు దగ్గరి రాత్రులు మేలు. తెల్లబట్ట, దాని ముందు దీపం, ఒక నోటుపుస్తకం, ఫోనులో కెమేరా. పైన, పక్కన రెండు బొమ్మలు తీసి వదిలేయండి, చంపనక్కరలేదు. బొచ్చు గొంగళ్లను చేత్తో ముట్టుకోనీయకండి, దద్దుర్లు లేస్తాయి. రెండు గంటలయ్యాక దీపం తీసేయండి, లేకపోతే పాపం వాటికి తెల్లవార్లూ దానిచుట్టూ తిరగడమే అవుతుంది. తెలియనిదాని ఎదురుగా 'తెలియదు' అని రాయండి. మా పుస్తకంలో ఇప్పటికి నూట పదకొండు రకాలున్నాయి. గన్నేరు ఆకుపచ్చలో చలువరాతి గీతలున్నది ఒకటి, జనుము మీద పెరిగే ఎర్ర నల్ల చుక్కల తెల్లది ఒకటి, ఇలా పేరు తెలిసినవి ముప్ఫయినాలుగు. మిగతా డెబ్భైఏడింటి ఎదుట మా అమ్మాయి గుండ్రటి అక్షరాలతో 'తెలియదు' అని రాసింది. ఆ మాట రాయడం దానికి తేలికే. నాకే నలభై ఏళ్లు పట్టింది.

వాటిలో ఏదైనా కొత్తజాతి తేలితే తన పేరు పెట్టాలని దాని కోరిక. "ఎవరి పేరు వాళ్లే పెట్టుకోవడం మర్యాద కాదమ్మా. కావ్యం రాసినవాడు ఇంకొకరికి అంకితమిస్తాడు గదా, అలాగే" అన్నాను. "అయితే పెదనాన్న పేరు పెడదాం" అంది తడుముకోకుండా. నాకు నోట మాట రాలేదు.

ఆ పెదనాన్నే మొన్న దసరాకు వచ్చాడు. వదిన గాజులు మరుసటేడే విడిపించారు. పెద్దమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. కాఫీ తాగి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. లోపల దూదిమీద బూడిదరంగు రెక్కల పురుగు ఒకటి పడుకుని వుంది. దాని పక్కన మడిచిన కాగితం ముక్క. విప్పి చూస్తే అన్నయ్య వంకర అక్షరాలు: ఊరు, పొలం పేరు, తేదీ, 'కంది మీద, రాత్రి ఎనిమిదింటికి'.

"ఇదేమిట్రా?" అన్నాడు.

"తెలియదన్నయ్యా. చూసి చెబుతాను" అన్నాను.

"తొందరేం లేదులే. నిమ్మళంగా చూడు" అని కుర్చీలో వెనక్కి వాలాడు.